గంగమీద పడవలో ఏనుగుల వీరాస్వామయ్యగారు

2023 జనవరి 13వ తేదీన కాశీనుండి గంగావిలాస్ అను విహారనౌక బయలుదేరి, పాట్నా, కలకత్తాల మీదుగా బంగ్లాదేశపు నదులను దాటి, అస్సాములోని డిబ్రూగఢ్ చేరెను. ఆ నౌకలో 36 మంది యాత్రికులకు చోటు కలదు. వారు రేవురేవునను దిగి, ఆలయములను, పాత కట్టడములను చూచి, మరల నౌకకు వచ్చి విశ్రమింతురు. ఈ వార్త చదివినప్పుడు ఉయ్యాలవాడ ప్రాంతమువాడనైన నాకు, దాదాపు రెండు వందల యేండ్లకు పూర్వము మా రేనాటి మీదుగా సాగి, ఆ గంగమీదనే పడవ ప్రయాణము చేసిన ఒక తెలుగు పెద్దమనిషి జ్ఞప్తికి వచ్చెను. వారే ఏనుగుల వీరాస్వామయ్యగారు.

వీరాస్వామయ్యగారు 1780లో జన్మించిరి. చిన్నతనముననే తండ్రిని పోగొట్టుకొని, స్వయంకృషిచే ఇంగ్లీషు నేర్చి, కుంఫిణీ కొలువులలో ప్రవేశించి, క్రమముగా చెన్నపట్నపు సుప్రీముకోర్టులో దుబాసీ పదవిని పొందిరి. దుబాసీ పని సామాన్యమైనది కాదు. సాక్షి చెప్పిన మాటను దొరకు తెలిసిన భాషలో, ఒక్క ముక్క చేర్చక, ఒక్క ముక్క విడువక అందింపవలెను. మాట జారినచో ఒక నిరపరాధికి శిక్ష పడవచ్చును. ఈ జాగ్రత్తయే ఆయన యాత్రారచనకును పునాది యైనదని నా తలంపు.

1830 మే 18వ తేదీన ఆయన చెన్నపట్నము విడిచిరి. రైలు లేదు, తారురోడ్డు లేదు. పల్లకీలు, బోయీలు, గుడారములు, వంటసామగ్రి, సుమారు నూరుగురు పరిజనము; అది కదలుచున్న ఒక చిన్న గ్రామము. నాటినుండి, చూచినది చూచినట్లు వ్రాసి, తన మిత్రులైన కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారికి పంపుచుండిరి.

తిరుపతి, కడపల మీదుగా వారు అహోబిలమునకు వచ్చిరి. ఆళ్ళగడ్డ సీమవారమైన మనకు ఇది ముచ్చట గొలుపు ఘట్టము. అప్పటికి కోయిలకుంట్ల తాలూకా కుంఫిణీవారి కడప జిల్లాలోనిది. నంద్యాల, ఆత్మకూరు సీమలు 1839 వరకు కందనవోలు నవాబు ఏలుబడిలోనివి. పదునారేండ్ల పిమ్మట, 1846లో, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుంఫిణీపై కత్తిదూసినది ఈ రేనాటినుండియే. మహానందిని దర్శించి, ఆత్మకూరు మీదుగా నల్లమల యెక్కి వారు శ్రీశైలము చేరిరి. అచ్చట నవాబుకు యాత్రికులవలన పన్ను ముట్టుచుండుటయు, ఆలయమును బాగుచేయించు దిక్కు లేకుండుటయు గమనించి, మొగమాటము లేక వ్రాసిరి. భక్తి ఆయన కన్నులకు గంతలు కట్టలేదు.

హైదరాబాదు, నాగపురము, జబ్బల్పూరు దాటి గంగాతీరము చేరిన పిమ్మట పల్లకీకి పడవ తోడయ్యెను. ఆ కాలమున గంగలో పోవు సామాన్యపు పడవలకు యంత్రము లేదు. ప్రవాహము, గాలి, తెడ్లు, ఒడ్డునుండి లాగు త్రాళ్ళు, ఇవే వాని బలము. నదిలో ఇసుక మేటలు ఏటేట చోటు మార్చును గనుక, చీకటి పడినచో పడవను ఒడ్డుకు కట్టక తప్పదు. ఆచారవంతులకు స్నానము, వంట, భోజనము ఒడ్డుననే జరుగవలెను. కావున నేటి విహారయాత్రికులు వేడుకకై దిగినట్లు గాక, నాటివారు బ్రతుకుతెరువుకే ప్రతిదినము నేలమీద కాలు మోపవలసియుండెను. దిగిన ప్రతిచోట ఊరితో పని యుండెను: బియ్యము, కట్టెలు, నీళ్ళు, కూలి. అందుచేతనే ఆయన వ్రాతలో దేవాలయము ప్రక్కనే అంగడి యుండును; స్థలపురాణము ప్రక్కనే దారి మంచిచెడ్డలు, ధరలు, జనుల నడవడి, యాత్రికులపై వేయు సుంకములు కనబడును. ప్రయాగ, గయ, పురి క్షేత్రములలో కుంఫిణీవారు యాత్రికులనుండి పన్ను తీయుచుండిన కాలమది. 1840లో గాని అది తొలగలేదు.

కలకత్తా చూచి, పురీ జగన్నాథుని సేవించి, శ్రీకాకుళము, రాజమహేంద్రవరము, బందరు, నెల్లూరుల మీదుగా 1831 సెప్టెంబరు 3వ తేదీన చెన్నపట్నము చేరిరి. పదునైదు మాసములకు పైబడిన యాత్ర. పిమ్మట అయిదేండ్లకే, 1836 అక్టోబరు 3న, కాలధర్మము నొందిరి. తన వ్రాత అచ్చుపుస్తకమగుట ఆయన చూడలేదు. శ్రీనివాసపిళ్ళగారు కూర్చిన కాశీయాత్రచరిత్ర 1838లో వెలువడెను. శతాబ్దము గడచిన తరువాత, 1941లో, దిగవల్లి వేంకటశివరావుగారు దానిని పరిష్కరించి మరల ప్రకటింపకున్నచో మనలో పెక్కురకు ఆయన పేరే తెలియకపోయెడిది.

పుణ్యము ఎవరిది వారికే యందురు. కాని వీరాస్వామయ్యగారు తన పుణ్యమును మూటగట్టి ఇంట దాచుకొనలేదు. వెనుక రాబోవు బీదయాత్రికునకు ఎక్కడ నీరు దొరకును, ఎక్కడ నీడ దొరకును అని తలచి తలచి వ్రాసిరి. నేడు మనవారు నౌకలలో గంగయే గాక సముద్రద్వీపములను గూడ చుట్టివచ్చుచున్నారు, సంతోషము. తిరిగివచ్చిన పిదప, ఇల్లు కదలలేని పొరుగువానికి చెప్పదగినది ఏమి తెచ్చితిమని ప్రతివారును తమ్ము తాము ప్రశ్నించుకొన్నచో, ఆ దుబాసీగారి ఋణము కొంత తీరును.