రాజమండ్రిలో మొలకెత్తిన గాంధీజీ ఆహార ప్రయోగం

తూర్పుగోదావరి: ఖద్దరు నిధి సేకరణ నిమిత్తం 1929 ఏప్రిల్, మే నెలలలో మహాత్మాగాంధీ ఆంధ్రదేశమంతటా పర్యటించిన సంగతి జిల్లావాసులకు తెలిసినదే. అయితే ఆ పర్యటనలోనే, గోదావరి తీరాన, ఆయన తన జీవితంలోని సాహసోపేతమైన ఆహార ప్రయోగాలలో ఒకదానికి శ్రీకారం చుట్టారన్న విషయం అంతగా ప్రచారంలో లేదు. నిప్పు తగలని పచ్చి ఆహారంతోనే జీవించాలన్నది ఆ ప్రయోగం.

తల్లికిచ్చిన మాటతో ఆరంభం

1869 అక్టోబరు 2న పోరుబందరులో జన్మించిన గాంధీజీ 1888లో న్యాయశాస్త్ర విద్యకై లండను వెళ్లే ముందు మాంసం ముట్టనని తల్లి పుత్లీబాయికి మాట ఇచ్చారు. ఆచారంగా వచ్చిన శాకాహారం, హెన్రీ సాల్ట్ రచన చదివిన పిమ్మట ఆయనకు నమ్మకంగా మారింది. లండను శాకాహార సంఘ కార్యవర్గంలోనూ సభ్యులుగా పనిచేశారు. నాటి నుంచి భోజనం ఆయనకు పరిశోధనాంశమైంది.

1893లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో తొలిసారి పచ్చి ఆహారాన్ని పరీక్షించారు. రెండు వారాలైనా నిండకముందే నీరసం, ఆకలి ఆయనను ఓడించాయి. ఆ అనుభవాన్ని మరుసటి ఏడాది ఇంగ్లండులోని శాకాహార పత్రికలో ప్రకటించారు. 1912లో పాలు సైతం మానివేశారు. 1918లో ఖేడా జిల్లాలో జిగట విరేచనాలతో మరణపు అంచులకు వెళ్లినప్పుడు కస్తూరిబా సూచన మేరకు మేకపాలు స్వీకరించారు. తాను వ్రతం పూనినది ఆవు, గేదె పాలను తలచుకునే గనుక వ్రతంలోని అక్షరం నిలిచింది గానీ ఆత్మ నిలవలేదన్న బాధ ఆయనను వీడలేదు. పాలకు బదులు మొక్కల నుంచే ఏదైనా దొరకాలన్న ఆరాటం అలా మిగిలిపోయింది.

నానబోసిన గోధుమలు ఎవరు తిన్నారు?

ఆ ఆరాటానికి రాజమండ్రిలో బదులు దొరికినట్లయింది. అక్కడ ప్రకృతి చికిత్సాలయం నడుపుతున్న సుందరం గోపాలరావు ఆయనను కలుసుకున్నారు. తొట్టి స్నానాలు మాత్రమే చాలవని, వంటలో నిప్పును విడిచిపెట్టనిదే రోగాలు పోవని వాదించారు. గాంధీజీ ఆసక్తితో విన్నారు, అనుమానంతో ప్రశ్నించారు. క్రమంగా మారనక్కరలేదా అని అడిగితే అవసరమే లేదన్న సమాధానం వచ్చింది. తనకేమైనా అయితే ఆంధ్రులు తనతోపాటు గోపాలరావుకూ దహనం చేయగలరని హాస్యమాడి, ఆ పూచీకి ఆయన సిద్ధపడిన మీదటే సరేనన్నారు.

గోపాలరావు నానబోసిన గోధుమలు పంపారు. అవి మహాత్ముని కోసమని తెలియని కస్తూరిబా వాటిని వాలంటీర్లకు పంచిపెట్టగా వారు పూర్తిచేశారు. ఫలితంగా ప్రయోగం ఒకరోజు ఆలస్యమై మే 9న ఆరంభమైంది. అప్పటికి గాంధీజీ వయస్సు 59 సంవత్సరాలు.

తూచి తిన్నారు, తూచి చెప్పారు

రోజుకు 8 తులాల మొలకెత్తిన గోధుమలు, 8 తులాల బాదంపప్పు ముద్ద, 8 తులాల నూరిన ఆకుకూర, 6 నిమ్మకాయలు, 2 ఔన్సుల తేనె - ఇదీ ఆయన ఆహారం. వారంలో రెండు మూడుసార్లు గోధుమల స్థానంలో మొలకెత్తిన శనగలు ఉండేవి. ఈ వివరాలన్నిటినీ జూన్ నెల 'యంగ్ ఇండియా'లో ప్రకటిస్తూ ఉత్సాహవంతులు మిక్కిలి జాగ్రత్తతో సాగాలని హెచ్చరించారు. సబర్మతి ఆశ్రమవాసులు కొందరు ఆయనతో చేరారు.

ఆగస్టులో జిగట విరేచనాలు మళ్లీ పట్టుకున్నాయి. గాంధీజీ ప్రయోగాన్ని విరమించి మేకపాలను ఆశ్రయించారు. ఓటమిని దాచలేదు. ప్రయోగాన్ని ప్రకటించిన పత్రికలోనే విరమణనూ ప్రకటించారు. పచ్చి ఆహారంపై విశ్వాసం మాత్రం పూర్తిగా వదులుకోలేదు.

ఆనాడు తెలియని కొన్ని సంగతులు నేడు స్పష్టమయ్యాయి. వంటలో సి విటమిన్ కొంత నశించడం నిజమే. అయితే పిండిపదార్థం సులువుగా జీర్ణం కావడానికి, రోగక్రిములు చావడానికి నిప్పే సాధనం. మొలకలు పెరిగే తడి, వెచ్చదనాలలోనే క్రిములూ వృద్ధి చెందుతాయి. ఇక పాలలో లభించి మొక్కల ఆహారంలో లభించని బి12 విటమిన్‌ను శాస్త్రవేత్తలు వేరుచేసింది 1948లో. ఆ సంవత్సరం జనవరి 30ననే గాంధీజీ అస్తమించారు. జీవితాంతం పాలకు ప్రత్యామ్నాయం వెదకిన ఆయనకు ఆ జవాబు అందనేలేదు.

1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండగా గాంధీజీ ఆరోగ్యంపై ఒక చిన్న పుస్తకం రచించారు. అందులో ఆయన సూచించిన దినసరి ఆహారంలో రెండు పౌన్ల ఆవుపాలు, ధాన్యం, వండిన కూరలు ఉన్నాయి. పచ్చి కూరగాయలకు దక్కిన వాటా ఒక ఔన్సు. రాజమండ్రిలో పూర్తి భోజనంగా మొదలైన పచ్చి ఆహారం పదమూడేళ్ల తరువాత విస్తరిలో ఒక మూలకు చేరింది. ఆ కొలతను నిర్ణయించినది గ్రంథాలు కావు, ఆయన శరీరం చెప్పిన సాక్ష్యమే.