మండల్‌లో పుట్టిన డాల్ గారు

మాది మహేశ్వరం మండలం. ఓలె-యోహాన్ డాల్ గారిదీ మండలే! కాకపోతే అది నార్వే దక్షిణాన సముద్రం పక్కనున్న ఒక ఊరి పేరు. 1931 అక్టోబర్ 12న అక్కడ పుట్టారు. మనం ప్రతి ల్యాబ్‌లో టైప్ చేసే క్లాస్, ఆబ్జెక్ట్ ఆయన, ఆయన ఫ్రెండ్ క్రిస్టెన్ నైగార్డ్ కలిసి తెచ్చినవే.

చిన్నతనంలోనే యుద్ధం. నార్వే జర్మన్ల చేతిలో ఉండగా, ఆయనకి 13 ఏళ్లప్పుడు ఇంటిల్లిపాదీ స్వీడన్‌కి పారిపోయారు. 1952లో రక్షణ పరిశోధన సంస్థలో చేరారు. నైగార్డ్ పరిచయం అక్కడే. తర్వాత ఇద్దరూ నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో సిమ్యులా అనే లాంగ్వేజ్ మీద కూర్చున్నారు. డాల్ నెమ్మదస్తుడు, పియానో వాయించేవారు. నైగార్డ్‌ది గట్టి గొంతు. 1967లో కొత్తగా చేరిన ఒకరు, బోర్డు ముందు ఇద్దరు కొట్టుకుంటున్నారని కంగారుగా వచ్చి చెప్పారట. టెలిఫోన్ ఆపరేటర్ ఒక్క నిమిషం చెవి పెట్టి విని, అది డాల్, నైగార్డ్ సిమ్యులా గురించి మాట్లాడుకోవడమేనని తేల్చేసింది.

వాళ్లని తిప్పలు పెట్టిన ఉదాహరణ టోల్‌గేట్ ఉన్న బ్రిడ్జి. మన తుక్కుగూడ టోల్ దగ్గర ఎయిర్‌పోర్ట్ క్యాబ్, లారీ, బస్సు ఒకే క్యూలో నిలబడతాయి కదా, అదే సీన్. మూడింటికీ కామన్‌గా ఉన్నది మూడుసార్లు ఎందుకు రాయాలి? చివరికి దారి దొరికింది. ఒక క్లాస్ ముందు ఇంకో క్లాస్ పేరు పెడితే చాలు. ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు ముందు పెద్ద క్లాస్ కోడ్ నడుస్తుంది, తర్వాత పిల్ల క్లాస్‌ది. ఇప్పుడు మనం కన్‌స్ట్రక్టర్ చెయినింగ్ అంటున్నదానికి మూలం ఇదే.

దీని విలువ నాకు మొన్నటిదాకా తెలీదు. డాట్‌నెట్‌లో రిఫ్లెక్షన్ ఎమిట్ వాడి, ప్రోగ్రాం నడుస్తుండగానే బస్సు, లారీ క్లాసులు తయారు చేద్దామనుకున్నా. క్లాస్ తయారైంది, ఆబ్జెక్ట్ కూడా వచ్చింది, క్యూలో పెట్టగానే నల్ రిఫరెన్స్! రాత్రంతా వెతికా. మామూలుగా సీ షార్ప్ రాస్తే పెద్ద క్లాస్ కన్‌స్ట్రక్టర్‌ని పిలిచే లైన్ కంపైలరే పెట్టేస్తుంది. ఎమిట్‌లో పెట్టేవాళ్లెవరూ ఉండరు. దిస్‌ని స్టాక్ మీదకి ఎక్కించి, ఆ కాల్ మనమే ఎమిట్ చేసి, ఆ తర్వాత సొంత పని చూసుకోవాలి. నేను ఆ కాల్ మర్చిపోయా. వాహనానికి ఉండాల్సిన లిస్ట్ అసలు పుట్టనే లేదు.

డాల్ 1968లో ఓస్లో యూనివర్సిటీ ప్రొఫెసర్ అయ్యారు. 1972లో డైక్‌స్ట్రా, హోర్‌లతో కలిసి స్ట్రక్చర్డ్ ప్రోగ్రామింగ్ పుస్తకం తెచ్చారు. ఇండస్ట్రీ క్లాసుల్ని నెత్తిన పెట్టుకోవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

2001 సంవత్సరానికి ట్యూరింగ్ అవార్డు ఇద్దరికీ కలిపి ఇచ్చారు. 2002 జూన్ 29న డాల్ పోయారు. ఆగస్టు 10న నైగార్డ్ కూడా వెళ్లిపోయారు. ట్యూరింగ్ ఉపన్యాసం ఇద్దరిలో ఎవరూ ఇవ్వలేకపోయారు.