రాబర్ట్ రోజర్స్

రాబర్ట్ రోజర్స్ (1731 నవంబర్ 7 – 1795 మే 18) పద్దెనిమిదవ శతాబ్దంలో ఉత్తర అమెరికాలోని బ్రిటిషు వలస ప్రాంతాలకు చెందిన సేనాని, సరిహద్దు అన్వేషకుడు, గ్రంథకర్త. బ్రిటన్, ఫ్రాన్సుల మధ్య 1754 నుండి 1763 వరకు అమెరికా అడవులలో జరిగిన యుద్ధంలో రోజర్స్ రేంజర్లు అనే దళాన్ని నడిపి ప్రసిద్ధి పొందాడు. అటవీ యుద్ధానికి ఇతడు వ్రాసిన 28 నియమాలు నేటికీ సైనిక విద్యార్థులకు పరిచితాలు. సైనికుల చిన్న బొమ్మలను బల్లపై నడిపి ఆడే యుద్ధక్రీడలలో ఈ యుద్ధాన్ని ఎంచుకునేవారికి రోజర్స్ దళం తప్పనిసరి వంటిది. అయితే ఇతని ఖ్యాతికి మూలమైన 1759 నాటి సెయింట్ ఫ్రాన్సిస్ దాడి అబెనాకీ తెగ వారి జ్ఞాపకంలో ఒక ఊచకోతగా నిలిచియున్నది. ఇతని జీవితాన్ని చదివేవారు ఈ రెండు కథనాలనూ ఎదుట ఉంచుకోవలసి ఉంటుంది.

ఈ యుద్ధం యూరపులో సప్తవర్ష సంగ్రామంగా పేరొందిన మహాయుద్ధంలో ఒక భాగం. 1758 డిసెంబరులో పిఠాపురం సమీపంలోని చందుర్తి వద్ద ఆంగ్లేయులకు, ఫ్రెంచివారికి జరిగిన యుద్ధం, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట ఆంగ్లేయుల వశం కావడం కూడా ఆ సంగ్రామంలోనివే. రోజర్స్ మంచు అడవులలో పోరాడుతున్న నెలలలోనే ఆంధ్ర తీరంలో కల్నల్ ఫోర్డ్ సేనలు నడిచాయి.

బాల్యం, యౌవనం

రోజర్స్ మసాచుసెట్స్‌లోని మెథ్యూన్ గ్రామంలో, ఐర్లండులోని అల్‌స్టర్ నుండి వలస వచ్చిన స్కాటిష్ సంతతి కుటుంబంలో జన్మించాడు. పైన ఇచ్చిన జన్మదినం అప్పట్లో బ్రిటిషు రాజ్యంలో వాడుకలో ఉన్న పాత క్యాలెండరు ప్రకారమైనది. ఇతని బాల్యంలోనే తండ్రి జేమ్స్ రోజర్స్ కుటుంబంతో న్యూ హాంప్‌షైర్ సరిహద్దుకు తరలిపోయి, అడవి నరికి వ్యవసాయం ప్రారంభించాడు. పాఠశాల చదువు స్వల్పమే. వేట, దారులు పసిగట్టడం, ఆదివాసుల నడక తీరు ఇతనికి చిన్ననాడే అలవడినాయి. పద్నాలుగేళ్ళ వయస్సులో స్థానిక రక్షక దళంలో చేరాడు. 1748లో ఫ్రెంచి పక్షపు ఆదివాసులు జరిపిన దాడిలో వీరి ఇల్లు, పొలం దగ్ధమైనాయి. కొన్నేళ్ళ తరువాత తండ్రి మరణం ఇంకా విచిత్రంగా సంభవించింది. చీకటివేళ స్నేహితుని విడిదికి వస్తున్న అతనిని ఎలుగుబంటిగా పొరబడి ఆ స్నేహితుడే కాల్చాడు.

రోజర్స్ సైన్యంలో చేరడానికి దేశభక్తి ఒక్కటే కారణం కాదు. 1755 ప్రారంభంలో దొంగ నోట్ల ముఠాతో సంబంధం ఉన్నదన్న అభియోగం ఇతనిపై వచ్చింది. అదే సమయంలో యుద్ధానికి మనుషులు కావలసి వచ్చింది. పదుల సంఖ్యలో యువకులను వెంటబెట్టుకుని వచ్చి సైన్యంలో చేరిన ఇతనిపై ఆ కేసు మరి ముందుకు సాగలేదు.

రేంజర్ల దళం

నాటి బ్రిటిషు సైనికులు ఎర్రకోట్లు ధరించి, బారులు తీరి, ఆజ్ఞ వెలువడగానే ఒక్కుమ్మడిగా తుపాకులు పేల్చేవారు. యూరపు మైదానాలకు సరిపోయిన ఈ పద్ధతి జార్జ్ సరస్సు, చాంప్లేన్ సరస్సుల నడుమనున్న దట్టమైన అడవులలో ప్రాణాంతకమైనది. 1755 జూలైలో జనరల్ బ్రాడక్ సేన మొనొంగహీలా నది వద్ద ఛిన్నాభిన్నం కావడం దీనికి నిదర్శనం. శత్రువు కదలికలు కనిపెట్టి, బందీలను పట్టి తెచ్చి, చలికాలంలో కూడా అడవిలో తిరగగల దళం అవసరమైనది. 1755 శరదృతువులో రోజర్స్ జరిపిన గూఢచర్య యాత్రలు పై అధికారులను ఆకర్షించాయి. 1756లో ఇతనికి స్వతంత్ర రేంజర్ల కంపెనీకి కెప్టెన్ పదవి లభించింది. తరువాత ఇటువంటి కంపెనీలు మరికొన్ని ఏర్పడినాయి. హడ్సన్ నదిలో, ఫోర్ట్ ఎడ్వర్డ్ ఎదుటనున్న ద్వీపం వీరి స్థావరం. ఆ ద్వీపాన్ని నేడు రోజర్స్ ఐలండ్ అంటారు.

1757లో బ్రిటిషు సైన్యపు యువకులకు అటవీ యుద్ధం నేర్పడానికి ఇతడు తన పద్ధతులను 28 నియమాలుగా వ్రాసిపెట్టాడు. ఒకే గుండు ఇద్దరికి తగలకుండా ఎడం పాటిస్తూ ఒకరి వెనుక ఒకరు నడవాలి. బురద నేలలో మాత్రం జాడ తెలియకుండా పక్కపక్కన విడివడి సాగాలి. వెళ్ళిన దారిన తిరిగి రాకూడదు. శత్రువు దాడికి ఇష్టపడే వేళ తెల్లవారుజాము గనుక అంతకు ముందే అందరూ మేల్కొని ఉండాలి. బందీలను విచారించే వరకు విడివిడిగా ఉంచాలి. వెంబడించే శత్రువును చుట్టు తిరిగి వచ్చి తన జాడపైనే పొంచి కొట్టాలి. ఇవన్నీ రోజర్స్ సొంత కల్పనలు కావు. వీటిలో అధిక భాగం ఆదివాసుల యుద్ధనీతి. దానిని ఆంగ్లంలో క్రమపరచి వ్రాయడం ఇతని ఘనత. రేంజర్లలో స్టాక్‌బ్రిడ్జ్ మోహికన్లు స్వయంగా పనిచేశారన్నది తరచు మరుగునపడే విషయం.

మంచు చెప్పుల యుద్ధాలు

రోజర్స్ పోరాటాలలో రెండింటిని మంచు చెప్పుల యుద్ధాలని పిలుస్తారు. లోతైన మంచులో కూరుకుపోకుండా కాళ్ళకు కట్టుకునే వెడల్పాటి అల్లిక చట్రాలే ఈ మంచు చెప్పులు. మొదటిది 1757 జనవరి 21న జరిగింది. ఫ్రెంచివారి కారిల్లాన్ కోట సమీపంలో ఏడుగురిని బందీలుగా పట్టుకున్న రోజర్స్ దళం తిరుగుదారిలో మాటుకు చిక్కింది. మంచు చెప్పులు లేని ఫ్రెంచి సైనికులు తేలికగా కదలలేకపోవడం వలన, చీకటి పడే వరకు ఒక గుట్టపై నిలిచి పోరాడి, రాత్రి మాటున రేంజర్లు తప్పించుకున్నారు. రోజర్స్ తలకు, మణికట్టుకు గాయాలైనాయి.

రెండవది 1758 మార్చి 13న జరిగింది. ఇది ఘోర పరాజయం. ఎదురుగా వస్తున్న సుమారు వంద మందిపై రోజర్స్ మాటు వేసి కాల్పులు జరిపాడు. శత్రుబలం అంతేనని భావించిన రేంజర్లు పారిపోతున్నవారిని తరుముతూ వెళ్ళి ప్రధాన దళానికి ఎదురుపడినారు. సుమారు 180 మందితో బయలుదేరిన దళంలో 120 మందికి పైగా మరణించారు. రోజర్స్ విడిచిన కోటులో అతని నియామక పత్రం దొరకడంతో అతడు చనిపోయాడని ఫ్రెంచివారు ప్రకటించుకున్నారు. జార్జ్ సరస్సు ఒడ్డున నిట్టనిలువుగా ఉన్న బండపై నుండి అతడు జారి తప్పించుకున్నాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఆ కొండకు రోజర్స్ రాక్ అని పేరు నిలిచినది గాని, ఈ కథకు గట్టి ఆధారం లేదు. ఇంతటి నష్టం తరువాత కూడా ఇతనికి పదోన్నతి లభించి మేజర్ అయ్యాడు.

సెయింట్ ఫ్రాన్సిస్ దాడి

క్విబెక్‌లోని సెయింట్ ఫ్రాన్సిస్, అనగా ఓడనాక్, క్రైస్తవ మతం స్వీకరించిన అబెనాకీల గ్రామం. న్యూ ఇంగ్లండు పల్లెలపై దశాబ్దాల తరబడి జరిగిన దాడులలో ఈ గ్రామపు యోధులు పాల్గొన్నారు. ఆ పల్లెలు వెలసిన నేల చాలావరకు పూర్వం అబెనాకీలదే. అప్పటి గ్రామ ముఖ్యుడు జోసెఫ్ లూయీ గిల్ తల్లిదండ్రులిద్దరూ న్యూ ఇంగ్లండు నుండి చిన్ననాట బందీలుగా తేబడి తెగలో కలిసిపోయినవారే. సరిహద్దులో ఎవరు ఎవరివారో చెప్పడం అంత కష్టమన్నమాట.

సంధి పతాకంతో వెళ్ళిన తన అధికారులను అబెనాకీలు నిర్బంధించారని ఆగ్రహించిన జనరల్ అమ్హర్స్ట్, గ్రామాన్ని ధ్వంసం చేయవలసిందిగా రోజర్స్‌ను ఆదేశించాడు. స్త్రీలను, పిల్లలను చంపరాదని కూడా ఆ ఆజ్ఞలో ఉన్నది. 1759 సెప్టెంబరు 13న సుమారు 200 మంది క్రౌన్ పాయింట్ నుండి పడవలపై బయలుదేరారు. రోగాలు, ప్రమాదాల వలన కొందరు వెనుదిరిగారు. మిసిస్కోయ్ అఖాతంలో దాచిన పడవలు ఫ్రెంచివారికి దొరికిపోవడంతో వచ్చిన దారి మూసుకుపోయింది. రోజర్స్ వెనుకకు మళ్ళలేదు. తొమ్మిది రోజులు చిత్తడి అడవిలో నీళ్ళలో నడిచి, రాత్రుళ్ళు చెట్ల కొమ్మలతో కట్టిన మంచెలపై నిద్రించి, ఒకరినొకరు పట్టుకుని ప్రవాహానికి ఎదురొడ్డి నది దాటి, 142 మంది గ్రామాన్ని చేరారు. అక్టోబరు 4 తెల్లవారుజామున దాడి చేసి ఇళ్ళను, చర్చిని తగులబెట్టారు. తిరుగు ప్రయాణానికి మొక్కజొన్న ఉన్న కొట్టాలను మాత్రం మినహాయించారు.

మృతుల సంఖ్య విషయంలో కథనాలు పొసగవు. రోజర్స్ తన నివేదికలో కనీసం 200 మందిని చంపినట్లు వ్రాశాడు. ఫ్రెంచి వర్తమానాల ప్రకారం మరణించినవారు సుమారు 30 మంది. వారిలో ఇరవై మంది స్త్రీలు, పిల్లలు. యోధులు చాలామంది ఆనాడు గ్రామంలో లేరు. అబెనాకీల మౌఖిక సంప్రదాయాన్ని ఇరవయ్యవ శతాబ్దం మధ్యకాలంలో గోర్డన్ డే అనే పరిశోధకుడు సేకరించాడు. ఓడనాక్ వృద్ధులు తరతరాలుగా చెప్పుకున్న ఆ కథ ప్రకారం ముందు రాత్రి గ్రామస్తులు నృత్యాలలో ఉండగా, రోజర్స్ వెంట వచ్చిన ఒక ఆదివాసి చీకటిలో ఒక బాలికను కలిసి ప్రమాదాన్ని హెచ్చరించాడు. నమ్మినవారు అడవిలో దాగి బ్రతికారు. మృతులు తక్కువన్న ఫ్రెంచి లెక్కకు ఈ కథ చక్కగా అతుకుతున్నది. చరిత్రకారులు నేడు రోజర్స్ చెప్పిన సంఖ్యను అతిశయోక్తిగానే పరిగణిస్తున్నారు. దాదాపు రెండు వందల ఏళ్ళు ఒక్క నివేదికనే చరిత్రగా చదివినవారికి, బాధితుల వైపు కూడా ఒక చరిత్ర ఉన్నదని ఈ సేకరణ తెలియజేసింది.

తిరుగు ప్రయాణం దాడి కంటే దుర్భరం. తిండి అయిపోగా దళం చిన్న గుంపులుగా విడిపోయింది. కొన్ని గుంపులు వెంబడించినవారి చేతిలో హతమైనాయి. మరికొందరు ఆకలితో మరణించారు. నరమాంసం తిన్న ఉదంతాలు కూడా నమోదైనాయి. గిల్ భార్య బందీగా వెళ్ళి తిరిగి రాలేదు. కనెక్టికట్ నది ఒడ్డున ఆహారంతో వేచి ఉండవలసిన లెఫ్టినెంటు, రోజర్స్ చేరడానికి కొద్దిసేపటి ముందే సామగ్రితో వెళ్ళిపోయాడు. రోజర్స్ మరికొందరితో తెప్ప కట్టి నదిలో సాగాడు. ఆ తెప్ప జలపాతంలో కొట్టుకుపోగా, చెట్లను నరికే ఓపిక లేక నిప్పుతో కాల్చి పడవేసి రెండవ తెప్ప కట్టాడు. అక్టోబరు నెలాఖరుకు నంబర్ 4 అనే కోటను చేరి, వెనుకనున్నవారికి వెంటనే ఆహారం పంపాడు. దళంలో సుమారు యాభై మంది తిరిగి రాలేదు.

అప్పులు, అభియోగాలు

1760లో మాంట్రియల్ లొంగిపోయిన తరువాత రోజర్స్ పడమటి కోటలకు వెళ్ళి నవంబరు 29న డెట్రాయిట్‌ను స్వాధీనం చేసుకున్నాడు. 1761లో పోర్ట్స్‌మౌత్ పట్టణపు మతాచార్యుని కుమార్తె ఎలిజబెత్ బ్రౌన్‌ను వివాహమాడాడు. 1763లో పాంటియాక్ నాయకత్వాన ఆదివాసులు తిరుగుబాటు చేసినప్పుడు మళ్ళీ డెట్రాయిట్‌లో పోరాడాడు.

యుద్ధకాలంలో రేంజర్ల జీతాలను, సామగ్రి ఖర్చును చాలావరకు సొంత పూచీపై అప్పుతెచ్చి చెల్లించాడు. లెక్కలు సరిగా లేవన్న కారణంతో ప్రభుత్వం పూర్తిగా తిరిగి ఇవ్వలేదు. విఫలమైన వ్యాపారాలు, జూదం కూడా తోడైనాయి. న్యూయార్కులో అప్పులవారు జైలులో పెట్టించగా తప్పించుకుని 1765లో లండన్ చేరాడు. అక్కడ తన యుద్ధ దినచర్యను, ఉత్తర అమెరికా వర్ణనను రెండు గ్రంథాలుగా ప్రచురించి పేరు పొందాడు. పాంటియాక్‌పై 1766లో వెలువడిన నాటకం కూడా ఇతనిదేనని భావిస్తారు. వాయవ్య జలమార్గ అన్వేషణకై 1765లో రాజుకు సమర్పించిన విజ్ఞప్తిలో ఔరగాన్ అనే నదిని పేర్కొన్నాడు. ఆరెగాన్ అనే పేరుకు లభించిన తొలి లిఖిత రూపాలలో ఇది ఒకటి.

రాజానుగ్రహంతో మిచిలిమాకినాక్ కోటకు అధిపతి అయ్యాడు. సేనాధిపతి గేజ్‌తో, ఆదివాసీ వ్యవహారాల అధికారి విలియం జాన్సన్‌తో వైరం వలన 1767 డిసెంబరులో రాజద్రోహ నేరంపై బంధించబడి, 1768లో మాంట్రియల్‌లో జరిగిన సైనిక విచారణలో నిర్దోషిగా బయటపడినాడు. పదవి మాత్రం తిరిగి రాలేదు. లండన్‌లో మళ్ళీ బాకీదారుల జైలు పాలయ్యాడు.

అమెరికా విప్లవం, మరణం

1775లో రోజర్స్ అమెరికాకు తిరిగి వచ్చేసరికి వలసవాసులు బ్రిటిషు రాజుపై తిరగబడి ఉన్నారు. ఇతని ఉద్దేశాలను శంకించిన జార్జ్ వాషింగ్టన్ 1776లో ఇతనిని బంధింపజేశాడు. తప్పించుకుని బ్రిటిషు పక్షాన క్వీన్స్ రేంజర్లు అనే దళాన్ని ఏర్పరచాడు. అదే ఏడాది సెప్టెంబరులో ఉరితీయబడిన అమెరికను గూఢచారి నాథన్ హేల్‌ను మిత్రునిగా నటించి పట్టుకున్నది రోజర్సేనని 2003లో వెలుగుచూసిన ఒక సమకాలీన వ్రాతప్రతి చెబుతున్నది. 1777 నాటికి మద్యపానం, క్రమశిక్షణ లోపించిన నియామకాల కారణంగా దళం ఇతని చేజారింది. 1778లో న్యూ హాంప్‌షైర్ శాసనసభ ఎలిజబెత్‌కు విడాకులు మంజూరు చేసింది. యుద్ధానంతరం రోజర్స్ లండన్‌లో సగం జీతంపై, అప్పులలో గడిపి 1795 మే 18న మరణించాడు. సౌత్‌వార్క్ ప్రాంతంలోని న్యూయింగ్టన్ సెయింట్ మేరీ శ్మశానంలో ఖననం చేశారు. సమాధి జాడ నేడు లేదు.

సాహిత్యం, చలనచిత్రాలు, బల్లపై యుద్ధక్రీడలు

కెన్నెత్ రాబర్ట్స్ 1937లో వ్రాసిన నార్త్‌వెస్ట్ పాసేజ్ నవల, దాని ఆధారంగా 1940లో స్పెన్సర్ ట్రేసీ నటించిన చలనచిత్రం రోజర్స్‌ను మళ్ళీ జనంలోకి తెచ్చాయి. అమెరికా సైన్యంలోని రేంజర్లు ఇతనిని తమ మూలపురుషులలో ఒకనిగా భావిస్తారు. వారిలో ప్రచారంలో ఉన్న పల్లెటూరి యాసలోని చిన్న నియమాల పట్టిక మాత్రం రోజర్స్ వ్రాసినది కాదు. అది ఆ నవలలోని పాత్ర పలుకుల నుండి వచ్చినది.

సుమారు 28 మిల్లీమీటర్ల ఎత్తున్న బొమ్మలతో ఆడే యుద్ధక్రీడలలో వలసకాలపు అమెరికా ప్రత్యేక శాఖగా ఉన్నది. వేల మంది సైన్యాలకు బదులు ప్రతి పక్షానికి కొన్ని డజన్ల బొమ్మలు చాలడం దీనికి ఒక కారణం. ఫ్రాన్సులోని స్టూడియో టోమహాక్ ప్రచురించిన మస్కెట్స్ అండ్ టోమహాక్స్ నియమావళిలో ఏ దళం ఎప్పుడు కదలాలో తీసిన పేక ముక్క నిర్ణయిస్తుంది. ఇటువంటి ఆటలలో సాధారణంగా బారులు తీరిన సైనికులకు అడవిలో వేగం తగ్గుతుంది, రేంజర్లకు తగ్గదు. శత్రువు ఎంతమందో ముందుగా తెలియకుండా గుర్తుబిళ్ళలు వాడడం వలన 1758 మార్చిలో రోజర్స్ చేసిన పొరబాటు ఆటగానికి అనుభవంలోకి వస్తుంది. ఇరువైపులా సాయుధులే ఉన్న మంచు చెప్పుల యుద్ధాలు ఆటకు అమరినంతగా సెయింట్ ఫ్రాన్సిస్ దాడి అమరదు. నిద్రలో ఉన్న గ్రామం పక్షాన ఆడవలసిన ఎత్తులు ఏమీ ఉండవు. ఆ యాత్రను ఎంచుకునేవారికి తిరుగు ప్రయాణంలోని వెంబడింపు, ఆకలి ఎక్కువ అనువైన ఘట్టాలు.

ఓడనాక్‌లో అబెనాకీలు నేటికీ నివసిస్తున్నారు. అక్కడ 1965లో నెలకొల్పిన అబెనాకీ మ్యూజియం ఉన్నది.