సర్ రే లాంకెస్టర్ - మంచినీటి జెల్లీచేప

ప్రకృతి శాస్త్రజ్ఞుల జీవితాలను తలచుకున్నప్పుడు మన దృష్టి సహజంగా మహాసముద్రాలు దాటిన యాత్రికుల మీదనో, దుర్గమారణ్యాలలో సంచరించిన సాహసికుల మీదనో నిలుస్తుంది. కొత్త ప్రాణిని కనుగొనాలంటే ఎక్కడో దూరదేశాలకు పోవలసిందేనన్న అభిప్రాయం మనలో పాతుకొనిపోయింది. కాని 1880వ సంవత్సరం జూన్ నెలలో, లండన్ నగరం నడిబొడ్డున, సందర్శకులు నిత్యం వచ్చిపోయే ఒక ఉద్యానవనంలో, కలువల తొట్టిలో, అంతవరకు ఏ గ్రంథంలోనూ చోటు చేసుకోని ఒక చిన్న జెల్లీచేప బయటపడింది. దానిని పరీక్షించి, వర్ణించి, నామకరణం చేసిన విద్వాంసుడు సర్ ఎడ్విన్ రే లాంకెస్టర్. ఆయన జీవితాన్ని, ముఖ్యంగా అందులోని ఈ ఘట్టాన్ని, మా విద్యార్థి పాఠకుల ముందుంచాలని సంకల్పించాము.

లాంకెస్టర్ 1847 మే 15న లండన్‌లో జన్మించారు. తండ్రి డాక్టర్ ఎడ్విన్ లాంకెస్టర్ వైద్యుడు, ప్రకృతి శాస్త్రాభిమాని. కలరా వ్యాధి నగరాన్ని పీడించిన రోజులలో ప్రజారోగ్యం కోసం పాటుపడినవారు. సూక్ష్మదర్శినిని సామాన్య పాఠకులకు పరిచయం చేస్తూ ఒక గ్రంథం వ్రాసినవారు. పదిహేడవ శతాబ్దపు మహా ప్రకృతి శాస్త్రజ్ఞుడు జాన్ రే మీద గౌరవంతో కుమారునికి రే అని పేరు పెట్టుకున్నారు. డార్విన్, హక్స్‌లీ వంటి మేధావులతో పరిచయం గల ఇంట పెరిగిన ఆ బాలునికి శాస్త్రం పాఠ్యపుస్తకాలకంటె ముందుగా ఇంటి సంభాషణలలోనే పరిచయమైంది. కేంబ్రిడ్జిలోను, ఆక్స్‌ఫర్డ్‌లోను ఉన్నత విద్య ముగించిన పిమ్మట ఆయన ఇటలీలోని నేపుల్స్‌కు వెళ్ళి, అక్కడి సముద్రతీరంలో సజీవమైన సముద్రప్రాణులను అధ్యయనం చేశారు. సీసాలలో భద్రపరచిన కళేబరాలను చూడడం వేరు, నీటిలో కదలాడే ప్రాణిని చూడడం వేరు అన్న సత్యం ఆయనకు అక్కడ అనుభవంలోకి వచ్చింది. 1874లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో జంతుశాస్త్రాచార్య పదవి లభించింది. మరుసటి సంవత్సరమే, ఇరువదియెనిమిదేళ్ళ వయస్సులో, రాయల్ సొసైటీ సభ్యత్వం వరించింది.

ఆయన స్వభావాన్ని తెలిపే సంఘటన ఒకటి 1876లో జరిగింది. హెన్రీ స్లేడ్ అనే అమెరికన్ లండన్‌కు వచ్చి, మూసి ఉంచిన పలకమీద ప్రేతాత్మలు వ్రాస్తాయని నమ్మబలుకుతూ, రుసుము పుచ్చుకొని ప్రదర్శనలు ఇవ్వసాగాడు. చదువుకున్న పెద్దలు కూడా కొందరు నమ్మారు. లాంకెస్టర్ ఒక వైద్య మిత్రునితో కలిసి ఆ ప్రదర్శనకు వెళ్ళి, ఆత్మ వ్రాయడానికి ముందే పలకను చేతిలోకి లాక్కున్నారు. దానిమీద వ్రాత అప్పటికే సిద్ధంగా ఉంది! వ్యవహారం న్యాయస్థానానికి ఎక్కింది. స్లేడ్‌కు శిక్ష పడినా, ఒక సాంకేతిక లోపం వలన అప్పీలులో బయటపడి దేశం విడిచిపోయాడు. ఎవరెంత గొప్పగా చెప్పినా, తన కంటితో చూచి, తన చేతితో పరీక్షించి గాని నమ్మరాదన్నది లాంకెస్టర్ నియమం. నాలుగేళ్ళ తరువాత కలువల తొట్టి దగ్గర ఆయనకు ఉపకరించింది ఈ నియమమే.

లండన్‌లోని రీజెంట్స్ పార్కులో రాయల్ బొటానిక్ సొసైటీ వారి తోట ఉండేది. అందులో ఒక అద్దాల గదిలో, వెచ్చని నీటితొట్టిలో, దక్షిణ అమెరికానుండి వచ్చిన విక్టోరియా కలువను పెంచేవారు. అంచులు పైకి తిరిగి, పెద్ద తాంబాళాలవలె నీటిపై తేలే ఆకులు గల మొక్క అది. 1880 జూన్ 10వ తేదీన ఆ సంస్థ కార్యదర్శి విలియం సోవర్బీ తొట్టిలోకి తొంగిచూడగా, గాజువలె పారదర్శకమైన చిన్న చిన్న గొడుగులు నీటిలో పైకి లేస్తూ, మెల్లగా క్రిందికి దిగుతూ కనిపించాయి. ఎదిగినవి కూడా అర అంగుళం ప్రాంతపువే. అవి అక్కడికి ఎలా వచ్చాయో ఎవరికీ అంతుపట్టలేదు. జెల్లీచేపలు సముద్రప్రాణులన్నది నాటి సామాన్య జ్ఞానం. మంచినీటిలో, అందులోను తోటలోని తొట్టిలో జెల్లీచేప ఉన్నదంటే, చూడనివారు నవ్వి ఊరుకొనేవారే. సోవర్బీ నవ్వి ఊరుకోలేదు. ఆ ప్రాణులను విద్వాంసుల దృష్టికి తీసుకొనివచ్చారు.

ఒక ప్రాణి కొత్తదని ప్రకటించడం మాటలు కాదు. చూడడానికి వింతగా ఉన్నంత మాత్రాన అది కొత్త జాతి కాదు. లాంకెస్టర్ ఆ చిన్ని గొడుగులను సూక్ష్మదర్శిని క్రింద ఉంచి ఒక్కొక్క అవయవాన్నే పరిశీలించారు. గొడుగు నడుమనుండి గంటనాలుకవలె వ్రేలాడే గొట్టం, దాని కొసన నోరు. జీర్ణకోశంనుండి అంచువరకు సాగిన నాలుగు కాలువలు. ఆ కాలువలనుండి సంచులవలె వ్రేలాడే నాలుగు బీజకోశాలు. గొడుగు అంచున అనేకమైన స్పర్శకాలు, వాటిలో నాలుగు కాలువలకు ఎదురుగా ఉన్న నాలుగూ తక్కినవాటికంటె పొడవు. అంచునుండి లోపలికి పొడుచుకొనివచ్చిన పలుచని పొరను వెలం అంటారు. ఈ వెలం ఉండడం చేత ఆ ప్రాణి పెద్ద సముద్రపు జెల్లీచేపల కోవకు గాక, మన విద్యార్థులు ప్రయోగశాలలో చూచే హైడ్రాకు చుట్టమైన హైడ్రోజోవా విభాగానికి చెందుతుందని తేలింది. ఆ వెలంలోనే సూక్ష్మమైన కోశాలు ఉన్నాయి. నాటి శాస్త్రజ్ఞులు వాటిని శ్రవణేంద్రియాలుగా భావించారు. అవి ప్రాణికి తన సమతౌల్యాన్ని తెలియజేసే కోశాలని నేడు మనకు తెలుసు. లాంకెస్టర్ వెలాన్నీ వినికిడినీ సూచించే గ్రీకు పదాలను జోడించి ఆ ప్రజాతికి క్రాస్పెడకస్టా అన్న నామాన్ని రూపొందించారు. ఇక జాతి నామం? అక్కడ ఆయన తన పేరు తలచలేదు, ఏ ప్రభువు పేరూ తలచలేదు. తొట్టిలో మొదట తొంగిచూచిన మనిషిని స్మరిస్తూ సోవర్బియై అని పెట్టారు.

జూన్ 17వ తేదీ నేచర్ పత్రికలో ఆ వర్ణన అచ్చయింది. తొట్టిలో కనబడిన నాటికీ, అచ్చులోకి ఎక్కిన నాటికీ నడుమ గడచినది ఒక్క వారం.

సరిగా అదే దినాన లిన్నియన్ సొసైటీ సమావేశంలో మరొక ప్రసంగం జరిగింది. వక్త జార్జి ఆల్మన్. వయస్సులో లాంకెస్టర్‌కంటె ముప్పదియైదేళ్ళు పెద్ద. హైడ్రాజాతి ప్రాణుల విషయంలో ఆయనది నాటికి ప్రమాణవాక్కు. ఆయన కూడా అదే తొట్టిలోని ప్రాణులను పరీక్షించి, లిమ్నోకోడియం విక్టోరియా అన్న నామంతో వర్ణించారు. ఒకే ప్రాణికి ఇద్దరు విద్వాంసులు, రెండు పేర్లు! వర్గీకరణ విషయంలోను వారికి పొత్తు కుదరలేదు. ఆ ప్రాణిని లాంకెస్టర్ ఒక క్రమంలో చేర్చగా, ఆల్మన్ మరొక క్రమంలో చేర్చారు. లాంకెస్టర్ స్వభావతః వివాదప్రియుడు, తన మాట నెగ్గించుకొనేవరకు నిద్రపోని మనిషి. అచ్చులోకి ముందుగా వచ్చినది ఆయన పేరే. అట్టివాడు, ఆ సంవత్సరమే తన పత్రికలో ప్రకటించిన పెద్ద వ్యాసంలో ఆల్మన్ పెట్టిన ప్రజాతి నామాన్నే ముందుంచి, తన నామాన్ని దాని ప్రక్కన కుండలీకరణంలో ఉంచారు. సోవర్బీ పేరును మాత్రం వదలలేదు. కాలక్రమాన, ముందు ప్రచురితమైన నామమే చెల్లుతుందన్న నియమం స్థిరపడిన తరువాత క్రాస్పెడకస్టా సోవర్బియై అన్నదే శాశ్వతమైంది. తాను వదులుకున్నదాన్ని కాలం ఆయనకు తిరిగి ఇచ్చింది.

కాని పేరు పెట్టినంత మాత్రాన ప్రాణి పూర్తిగా తెలిసినట్లు కాదు. తొట్టిలో పరీక్షకు చిక్కినవన్నీ మగప్రాణులే. ఆడవి లేనిదే సంతానం ఎలా? ఒక ఋతువులో కనిపించి మాయమైన ప్రాణులు తరువాతి సంవత్సరాలలో మళ్ళీ ఎక్కడనుండి వచ్చాయి? లాంకెస్టర్ ఈ ప్రాణిని చేర్చిన క్రమంలోని జెల్లీచేపలు అండంనుండి నేరుగా జెల్లీచేపలుగానే ఎదుగుతాయి, నడుమ హైడ్రావంటి స్థిరరూపం ఉండదు. ఈ చిక్కుముడిని విప్పినవారు ఆయన శిష్యుడే అయిన ఆల్ఫ్రెడ్ గిబ్స్ బోర్న్. 1884లో బోర్న్ అదే తొట్టిలో నీటిమొక్కల వేళ్ళను వెదకి, వాటిని అంటిపెట్టుకొని ఉన్న అతి సూక్ష్మమైన పాలిప్ రూపాన్ని కనుగొన్నారు. స్పర్శకాలు లేక, చూపుకు దాదాపు ఆనని ఆ చిన్ని జీవమే మొగ్గలు తొడిగి జెల్లీచేపలను విడుస్తుంది. అందుకు ఆడప్రాణితో పని లేదు. నీరు చల్లబడి గొడుగులు నశించినా వేళ్ళమీద పాలిప్ నిలిచే ఉంటుంది. అందరూ చూచినది సగం ప్రాణినే. తక్కిన సగం నాలుగేళ్ళపాటు అదే నీటిలో, చూపరులకు ఆనకుండా మిగిలిపోయింది. గురువు చేసిన వర్గీకరణ సరిపోదని శిష్యుని పరిశోధన చూపింది. ఆ తరువాతి శాస్త్రజ్ఞులు ఇట్టి ప్రాణులకు లిమ్నోమెడ్యూసా అనే ప్రత్యేక క్రమాన్నే ఏర్పరచారు. కాని గురువు గీచిన అవయవ వర్ణన నిలిచింది. ఆ పునాది లేనిదే శిష్యుని కనుగోలుకు ఆధారం ఉండేది కాదు.

ఈ బోర్న్ పేరు మన ప్రాంతం వారికి పరాయిది కాదు. 1886లో ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో జీవశాస్త్రాచార్యులుగా చేరారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు మద్రాసు రాజధానిలో అంతర్భాగాలు. ఆయన అనంతరకాలంలో ఆ రాజధాని విద్యాశాఖకు సంచాలకులై, పిదప 1915 నుండి 1921 వరకు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు అధిపతిగా వ్యవహరించారు. ఆ విధంగా రీజెంట్స్ పార్కు తొట్టిలో అలవడిన చూపు దక్షిణ భారత విద్యార్థుల తరగతి గదులకు చేరింది. మరొక ముచ్చట కూడా ఇక్కడ చెప్పదగినది. 1911 ప్రాంతాన పశ్చిమ కనుమలలోని నదీజలాలలో శంకర్ పురుషోత్తమ్ అఘార్కర్ అనే భారతీయ విద్వాంసుడు మంచినీటి జెల్లీచేపలను కనుగొనగా, నెల్సన్ అన్నండేల్ వాటిని లిమ్నోక్నిడా ఇండికా అన్న కొత్త జాతిగా వర్ణించారు. మన దేశపు మంచినీళ్ళు కూడా ఇట్టి నిధులకు నిలయాలేనని దానితో రుజువైంది.

లాంకెస్టర్ తదుపరి జీవితాన్ని సంగ్రహంగా చెప్పుకుందాము. లిమ్యులస్ అనే సముద్రప్రాణి పీతలకు కాక సాలెపురుగులకు, తేళ్ళకు బంధువని 1881లో వాదించి విద్వల్లోకాన్ని మెప్పించారు. కార్ల్ మార్క్స్ చివరి సంవత్సరాలలో ఆయనకు మిత్రులై, 1883లో అంత్యక్రియలకు హాజరైన ఆ కొద్దిమందిలో ఒకరైనారు. నేపుల్స్ అనుభవాన్ని మరువక, 1884లో సముద్ర జీవశాస్త్ర సంఘం స్థాపనకు ముందు నిలిచారు. ఆ సంఘం వారి ప్లిమత్ పరిశోధనాలయం 1888లో ప్రారంభమైంది. 1891లో ఆక్స్‌ఫర్డ్ ఆచార్య పదవిని, 1898లో లండన్ ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాల అధ్యక్షతను స్వీకరించారు. 1901లో ఆఫ్రికా అడవులనుండి వచ్చిన ఒక వింత జంతువును జీబ్రా జాతిగా కొందరు భావించగా, అది జిరాఫీకి చుట్టమని గుర్తించి ఒకాపియా అన్న ప్రజాతి నామాన్ని ఇచ్చారు. ప్రదర్శనశాలలో పైవారితో పొత్తు కుదరక 1907లో పదవి విడిచారు. ఆ సంవత్సరమే సర్ బిరుదు లభించింది. 1913లో రాయల్ సొసైటీ కాప్లీ పతకంతో సత్కరించింది. పదవీ విరమణానంతరం దినపత్రికలో సామాన్యుల కోసం శాస్త్ర వ్యాసాలు వ్రాస్తూ, 1929 ఆగస్టులో ఎనుబదిరెండేళ్ళ వయస్సులో కన్నుమూశారు. ఆయన వివాహం చేసుకోలేదు. కోపిష్ఠి అని, మాట పెళుసని ఆయనకు పేరు. ఆ లోపాన్ని దాచనవసరం లేదు. ఆ స్వభావం వల్లనే, కలువల తొట్టి విషయంలో ఆయన చూపిన సంయమనం మరింత విలువైనదిగా మాకు తోస్తుంది.

ఆ చిన్న జెల్లీచేప కథ మాత్రం ముగియలేదు. కలువతోపాటు దక్షిణ అమెరికానుండి వచ్చి ఉంటుందని తొలుత తలచినా, దాని అసలు పుట్టినిల్లు చైనాలోని యాంగ్‌ట్సీ నదీ ప్రాంతమని తరువాత తెలిసింది. నీటిమొక్కలతో ప్రయాణించి, అంటార్కిటికా తప్ప అన్ని ఖండాలకూ అది విస్తరించింది. రాయల్ బొటానిక్ సొసైటీ 1932లో ఆ తోటను విడిచిపోయింది. ఆ తొట్టి నేడు లేదు. కాని ఏ దేశపు చెరువులో ఆ పారదర్శకమైన గొడుగు తేలినా, తొంగిచూచిన కార్యదర్శి పేరును, పరీక్షించిన ఆచార్యుని పేరును లోకం ఒక్కచోటనే చదువుతుంది.

విద్యార్థి మిత్రులారా! మన కళాశాల ప్రయోగశాలలో మహాసాధనాలు లేవని మనం తరచుగా చింతిస్తాము. సోవర్బీకి నాడు ఉన్నది ఒక జత కళ్ళు, చూచినదానిని తేలికగా కొట్టివేయని మనస్సు. లాంకెస్టర్‌కు ఉన్నది ఒక సూక్ష్మదర్శిని, ఒక వారం పట్టుదల. బోర్న్‌కు ఉన్నది గురువు ఆపిన చోటునుండి మరల వెదకే ధైర్యం. ఈ మూడింటిలో ఏదీ సీమనుండి తెప్పించుకోవలసిన సరుకు కాదు. వర్షాకాలం వెళ్ళిన పిమ్మట మన ఊరి చెరువు గట్టున నిలిచినప్పుడు, నీటిమొక్క వేరును ఒకదానిని ఎత్తి చూడండి. అక్కడ ఏమున్నదో చూచినవారు, చూచినదానిని నిజాయితీగా వ్రాసిపెట్టినవారు ఇంకా మనలో కొద్దిమందే.