జాంగో రైన్‌హార్ట్

జాంగో రైన్‌హార్ట్ (జనవరి 23, 1910 - మే 16, 1953) ఐరోపాకు చెందిన సుప్రసిద్ధ జాజ్ గిటారు వాద్యకారుడు, స్వరకర్త. అమెరికాలో నల్లజాతి కళాకారుల చేతులలో రూపుదిద్దుకున్న జాజ్ సంగీతానికి ఐరోపా గడ్డపై స్వతంత్రమైన బాణీని ఏర్పరచినవారిలో ఇతడు అగ్రగణ్యుడు. ఎడమచేతి వేళ్ళలో రెండు దాదాపు నిరుపయోగమైన తరువాతనే ఇతని వాదనం ప్రపంచ ప్రసిద్ధిని పొందింది.

జననం, బాల్యం

జాంగో బెల్జియం దేశంలోని లిబెర్షీ అనే గ్రామం వద్ద, రోమా జాతిలో మనూష్ అనే శాఖకు చెందిన సంచార కుటుంబంలో జన్మించాడు. దస్తావేజులలో ఇతని పేరు జాన్. జాంగో అనేది ఇంటి పేరుగా పిలిచే ముద్దుపేరు; రోమానీ భాషలో దానికి మేలుకున్నాను అని అర్థం చెబుతారు. రోమా ప్రజల పూర్వీకులు సుమారు వెయ్యి సంవత్సరాల క్రితం భారతదేశపు వాయవ్య ప్రాంతాలనుండి వలస వెళ్ళినవారని భాషాశాస్త్రజ్ఞులు నిర్ధారించారు. వారి భాషలోని అంకెల పేర్లు వింటే హిందీ తెలిసినవారికి ఈ బంధుత్వం వెంటనే స్ఫురిస్తుంది.

కుటుంబం పారిస్ నగర శివార్లలో, పాత కోటగోడల వెలుపల బండ్లలో నివసించేది. జాంగోకు బడి చదువు లేదు. సంతకం చేయడం కూడా పెద్దయ్యాకనే నేర్చుకున్నాడు. మొదట వయొలిన్, పన్నెండవ ఏట బాంజో-గిటారు చేతబట్టి, ఇతరులు వాయించేటప్పుడు వేళ్ళ కదలికలను గమనిస్తూ స్వయంగా సాధన చేశాడు. కౌమారంలోనే పారిస్ నాట్యశాలలలో అకార్డియన్ వాద్యకారులకు సహకార వాద్యం వాయించి సంపాదించసాగాడు. 1928లో వెలువడిన ఇతని తొలి రికార్డులపై పేరు తప్పుగా అచ్చయింది. తన పేరు వ్రాసి చూపగలిగే స్థితిలో అతడు లేకపోవడమే అందుకు కారణం.

అగ్నిప్రమాదం

అదే ఏడాది ఇంగ్లాండులో పేరుమోసిన వాద్యబృంద నాయకుడు జాక్ హిల్టన్ ఇతని వాదనం విని తన బృందంలోకి ఆహ్వానించాడు. ఆ ఉద్యోగంలో చేరకముందే ఒక రాత్రి జాంగో నివసించే బండి అంటుకున్నది. అతని భార్య జీవనోపాధికై తయారుచేసే సెల్యులాయిడ్ పూలు బండి నిండా ఉన్నాయి. వాటికి కొవ్వొత్తి మంట తగలడంతో క్షణాలలో అంతా కాలిపోయింది. దంపతులు ప్రాణాలతో బయటపడ్డారు గాని జాంగో కుడికాలు, ఎడమచేయి తీవ్రంగా కాలాయి. కాలు తీసివేయాలని వైద్యులు చెప్పగా అతడు అంగీకరించలేదు. సుమారు ఏడాదిన్నర మంచం పట్టాడు. కాలు దక్కింది, ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు మాత్రం అరచేతివైపు ముడుచుకుపోయాయి.

తమ్ముడు జోసెఫ్ తెచ్చి ఇచ్చిన గిటారుతో జాంగో మంచంపైనే సాధన మళ్ళీ మొదటినుండి ప్రారంభించాడు. మన వీణలో ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు మెట్లపై నడవడం సహజమే. గిటారు సంగతి వేరు. అనేక తీగలను ఒకేసారి నొక్కి స్వరసముదాయాలను పలికించడానికి నాలుగు వేళ్ళూ అవసరమవుతాయి. జాంగో స్వరప్రస్తారాన్ని రెండు వేళ్ళతోనే, తీగల పొడవునా చేతిని వేగంగా జరుపుతూ పలికించాడు. ముడుచుకున్న వేళ్ళను సన్నని తీగలపై ఆనించి, సముదాయాలకు వీలైనంత మేరకు వాడుకున్నాడు. నాలుగు వేళ్ళున్నవారు సాధారణంగా తొక్కని దారులు ఈ విధంగా అతని చేతికి అలవడ్డాయి. అతని శైలిలోని కొత్తదనానికి ప్రతిభ ఎంత కారణమో ఈ నిర్బంధం కూడా అంత కారణమని భావించవచ్చు.

హాట్ క్లబ్ పంచక బృందం

1931లో తూలోన్ నగరంలో ఎమిల్ సావిత్రీ అనే చిత్రకారుని ఇంట లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డులను విన్న జాంగో జాజ్ పట్ల పూర్తిగా ఆకర్షితుడయ్యాడు. 1934లో పారిస్‌లోని ఒక హోటలులో వాయించే రోజులలో, విరామ సమయాన తెరవెనుక వయొలిన్ వాద్యకారుడు స్టెఫాన్ గ్రాపెల్లీతో కలిసి సరదాగా మొదలుపెట్టిన వాదనమే ప్రసిద్ధమైన హాట్ క్లబ్ పంచక బృందానికి నాంది అయింది. ఇందులో జాంగో, గ్రాపెల్లీ, సహకార గిటారుపై జోసెఫ్, రోజర్ షాపు, బాస్‌పై లూయీ వోలా ఉండేవారు. బాకాలు, డోళ్ళు లేకుండా కేవలం తంత్రీవాద్యాలతో జాజ్ బృందం నడపడం ఆనాటికి వింత. అదే సంవత్సరం డిసెంబరులో వీరి తొలి రికార్డింగులు జరిగాయి. 1937 నాటి మైనర్ స్వింగ్ వీరి రచనలలో మిక్కిలి ప్రచారం పొందినది. కోల్‌మన్ హాకిన్స్, బెన్నీ కార్టర్ వంటి అమెరికన్ దిగ్గజాలు పారిస్ వచ్చినప్పుడు జాంగోతో కలిసి రికార్డు చేశారు.

యుద్ధకాలం

1939 సెప్టెంబరులో యుద్ధం ప్రకటించేనాటికి బృందం ఇంగ్లాండులో పర్యటిస్తున్నది. గ్రాపెల్లీ లండన్‌లోనే ఉండిపోగా జాంగో పారిస్ తిరిగివచ్చాడు. మరుసటి ఏడు ఫ్రాన్స్ జర్మనీ వశమైంది. నాజీలు రోమా జాతిని నిర్మూలించదలచారు. ఐరోపాలో 2,50,000 నుండి 5,00,000 వరకు రోమాలు హతులయ్యారని చరిత్రకారుల అంచనా. ఫ్రాన్స్‌లోనూ అనేకులను నిర్బంధ శిబిరాలలో ఉంచారు. నాజీ సిద్ధాంతం ప్రకారం జాజ్ కూడా నీచసంగీతమే. అయినా ఆక్రమిత పారిస్‌లో జాంగో కీర్తి శిఖరానికి చేరింది. శ్రోతలలో జర్మన్ అధికారులు కూడా ఉండేవారు. 1940లో క్లారినెట్‌తో కలిపి రికార్డు చేసిన న్యువాజ్ (మేఘాలు) అనే రచన ఆ చీకటి దినాలలో ఫ్రెంచి ప్రజలకు ఎంతో ప్రీతిపాత్రమైంది.

ఈ ఆదరణ ఎంతకాలం రక్షిస్తుందో తెలియని స్థితిలో 1943లో జాంగో స్విట్జర్లాండుకు పారిపోవ ప్రయత్నించి పట్టుబడ్డాడు. అతని సంగీతాభిమాని అయిన జర్మన్ అధికారి ఒకడు విడిచిపెట్టాడు. మరోసారి ప్రయత్నించగా స్విస్ సరిహద్దు కాపలాదారులే వెనుకకు పంపివేశారు. తన జాతివారి కోసం ఒక ప్రార్థనా సంగీతాన్ని కూడా రచింపబూనాడు కాని అది అసంపూర్ణంగా మిగిలింది. లిపి రానందున అతడు వినిపించగా ఇతరులు స్వరాలు వ్రాసుకొనేవారు.

అమెరికా పర్యటన, చివరి సంవత్సరాలు

1946 చివరలో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందంతో అమెరికాలో పర్యటించాడు. అక్కడి తయారీదారులు పోటీపడి గిటార్లు ఇస్తారనుకొని తన వాద్యం లేకుండానే బయలుదేరాడు. ఆ ఆశ నెరవేరలేదు. అలవాటులేని విద్యుత్ గిటారుపై వాయించవలసి వచ్చింది. న్యూయార్క్ కార్నెగీ హాలులో రెండవ రాత్రి కచేరీకి మిక్కిలి ఆలస్యంగా చేరడంతో విమర్శలు వచ్చాయి. 1947లో నిరుత్సాహంతో తిరిగివచ్చాడు. అయితే ఈ పర్యటనను కేవలం వైఫల్యంగా చూడరాదు. ఆ తరువాత అతడు విద్యుత్ గిటారును అలవరచుకొని, కొత్తగా వచ్చిన బీబాప్ పద్ధతిని తన బాణీలో ఇముడ్చుకున్నాడు. 1953 రికార్డులలో ఈ మార్పు స్పష్టంగా వినవచ్చును.

1951లో సేన్ నది ఒడ్డున సామ్వా గ్రామంలో స్థిరపడి చేపలు పట్టడం, బొమ్మలు వేయడంలో కాలం గడిపేవాడు. 1953 మే 16న రైలు స్టేషను నుండి ఇంటికి నడిచివస్తూ మెదడులో రక్తస్రావం కలిగి, 43వ ఏట మరణించాడు.

ప్రభావం

కుమారుడు బాబిక్ (1944-2001) కూడా గిటారు వాద్యకారుడే. గ్రాపెల్లీ 1997 వరకు జీవించి, మన ఎల్.సుబ్రహ్మణ్యంతో కలిసి కూడా ఒక ఆల్బం చేశాడు. శక్తి బృందం ద్వారా భారతీయులకు పరిచితుడైన జాన్ మెక్‌లాఫ్లిన్ బాల్యంలో జాంగో రికార్డులతో ప్రభావితుడైనవాడే. కర్మాగారంలో వేలికొనలు కోల్పోయి గిటారు మానదలచిన టోనీ అయోమీకి అతని పై అధికారి జాంగో రికార్డు వినిపించాడు. అయోమీ తరువాత బ్లాక్ సబాత్ బృందాన్ని స్థాపించినవారిలో ఒకడయ్యాడు. సామ్వాలో జాంగో స్మారక సంగీతోత్సవం 1968లో మొదలై, 1983 నుండి ఏటా జరుగుతూ వచ్చింది. 2016 నాటి నది వరదల తరువాత దానిని సమీపంలోని ఫాంటేన్‌బ్లోకు మార్చారు.