దూరపు దాయాది: కేయితాయి చక్రవర్తి చరిత్ర

జపాను చక్రవర్తుల నామావళిలో 26వ వాడు కేయితాయి. ఆ పేరు తల్లిదండ్రులు పెట్టినది కాదు. ఆయన బ్రతికియున్న కాలమున ఆ పేరుతో పిలిచినవాడు ఒక్కడును లేడు. ఆయన గతించిన రెండువందల యేండ్లకు పైబడిన తరువాత, 8వ శతాబ్ది ఉత్తరార్ధమున, ఓమి నో మిఫునే అను పండితుడు పూర్వరాజులకు చీనా పద్ధతిని రెండేసి అక్షరముల నామములు కూర్చెననియు, అప్పుడు ఈయనకు ఈ పేరు లభించెననియు చెప్పుదురు. దేహమును కొనసాగించినవాడు, అనగా రాజవంశమను శరీరము తెగిపోకుండ నిలిపినవాడని దాని యర్థము. తండ్రి తరువాత కుమారుడుగా సింహాసనమెక్కిన వానికి ఇట్టి పేరు పెట్టవలసిన పని యుండదు. తాడు తెగుటకు ఎంత దగ్గరగా వచ్చినదో ఎరిగినవారే ముడిని గూర్చి ఇంత శ్రద్ధ వహింతురు.

ఆయన అసలు పేరు ఓహోదో. చక్రవర్తి యను బిరుదము కూడ నాటికి పుట్టలేదు. యమాతో ప్రభువులను మహారాజు అను నర్థము గల ఓకిమి అను మాటతోనే పిలుచుచుండిరి. నేడు మనము చక్రవర్తి యని అనువదించుకొను తెన్నో శబ్దము వాడుకకు వచ్చుట 7వ శతాబ్ది సంగతి.

జపాను ప్రాచీన చరిత్రకు ఆధారములు ముఖ్యముగా రెండు గ్రంథములు: 712లో ముగిసిన కొజికి, 720లో ముగిసిన నిహోన్ షోకి. వీనిని బట్టి మొదటి చక్రవర్తి జిమ్ము. షోకి లెక్క ప్రకారము ఆయన పట్టాభిషేకము క్రీ.పూ. 660లో జరిగెను. తొలి రాజులలో పలువురు నూరేండ్లు దాటి జీవించిరట. రెండవవాడు మొదలుకొని తొమ్మిదవవాని వరకు ఎనమండుగురికి పేర్లు, భార్యలు, సంతానము, సమాధులు కలవు గాని, చేసిన పనులు దాదాపుగా లేవు. పురాణములలోని రాజవంశావళులు చదివిన మన పాఠకులకు ఇది వింత గొలుపదు. 1940లో జపాను ప్రభుత్వము రాజ్యస్థాపనకు 2600 ఏండ్లు నిండినవని మహోత్సవము జరిపెను. ఆ తొలి యధ్యాయములు తరువాతి వారి కల్పనలని వ్రాసిన త్సుడా సోకిచి అను ఆచార్యుని గ్రంథములు అదే సంవత్సరమున నిషేధింపబడినవి. వంశావళి యనగా కాగితముపై పేర్ల వరుస మాత్రమే కాదని దీనివలన తెలియుచున్నది.

ఓహోదో కథ ఆ పురాణయుగమునకును నిజమైన చరిత్రకును నడుమనున్న గడప మీద జరిగినది. 5వ శతాబ్ది ఉత్తరార్ధమున యమాతోను ఏలిన యుర్యాకు తన సోదరులను, జ్ఞాతులను సంహరించి రాజ్యమునకు వచ్చెనని షోకి చెప్పుచున్నది. చంపుటకు కారణము వారు రాజబంధువులగుటయే. దాని ఫలము తరువాతి తరమున కనిపించెను. యుర్యాకు కుమారుడు సెయినెయికి సంతతి లేదు. చంపబడిన రాకుమారుని కొడుకులిద్దరు హరిమ దేశమున పశువుల కాపరులై దాగియుండగా, వారిని వెదకి తెచ్చి ఒకరి తరువాత ఒకరిని రాజులను చేయవలసివచ్చెను. వారిలో రెండవవాడు నింకెన్. అతని కొడుకు బురెత్సు 506లో సంతానము లేకయే మరణించెను. బురెత్సు పరమక్రూరుడని షోకి పుటలు నింపినది. కొజికి ఆ క్రూరత్వమును గూర్చి ఒక్క మాటయైనను చెప్పదు. చీనా చరిత్రలలో అంతరించు వంశపు కడపటి రాజు దుర్మార్గుడై యుండుట పరిపాటి. అచ్చట నేర్చిన అచ్చునే షోకి రచయితలు ఇచ్చట వాడిరని తోచుచున్నది.

ఇక ఓహోదో. ఆయన తండ్రి హికోఉషి, బివా సరస్సు పడమటి తీరమున ఓమి దేశములో నివసించెడివాడు. సముద్రతీరమున నున్న ఎచిజెన్ దేశపు మికుని నుండి ఫురిహిమె యను కన్యను, ఆమె రూపమును విని, పిలిపించి పెండ్లాడెను. ఓహోదో పసివాడుగా నుండగనే తండ్రి గతించెను. దిక్కులేని చోట బిడ్డను పెంచుట కష్టమని తలచి తల్లి పుట్టింటికి పోయెను. అట్లు ఓహోదో యమాతో రాజసభకు దూరముగా, ఉత్తరదేశమున, తల్లి బంధువుల నడుమ పెరిగి పెద్దవాడయ్యెను. ఒవారి దేశపు ప్రభువు కూతురు మెనోకోను వివాహమాడి ఇద్దరు కొడుకులను కనెను. షోకి లెక్కలో బురెత్సు మరణించునాటికి ఆయన వయస్సు 57 ఏండ్లు.

సింహాసనము శూన్యమైనప్పుడు ఓతోమో వంశమునకు చెందిన కనమూర యను మంత్రి మొదట తలచినది ఈయనను కాదు. తంబ దేశమున యమాతోహికో యను మరియొక దూరపు రాజబంధువు కలడు. ఇతడు చూఆయి రాజునకు ఐదవ తరమువాడు. అతనిని తోడ్కొని వచ్చుటకు సైన్యమును, వాహనమును పంపిరి. యమాతోహికో దూరమునుండి ఆ సైనికులను చూచెను; ముఖము వెలవెలబోయెను; కొండలోయలలోనికి పారిపోయెను. మరల ఎవరికిని కనబడలేదు. అతని చరిత్ర అంతే. ఆ పరుగును పిరికితనమని నవ్వరాదు. రాజరక్తము గలవాని యింటికి ఆయుధములతో వచ్చువారు కిరీటము తెచ్చిరో కత్తి తెచ్చిరో వాకిట నిలిచినవానికి తెలియు మార్గము లేదు. అంతకు ముందు రెండు తరములు ఎక్కువగా తెచ్చినది కత్తినే.

507 మొదటి నెలలో అదే పరివారము మికునికి వచ్చెను. ఓహోదో ఆసనముపై నిశ్చలముగా కూర్చుండి, అనుచరులను ఇరువైపుల నిలిపి, అప్పటికే రాజైనవానివలె వారికి దర్శనమిచ్చెనట. పైకి ఎట్లున్నను లోపల శంక తొలగలేదు, వెంటనే బయలుదేరలేదు. ఆ సమయమున ఆయనకు తోడ్పడినవాడు మంత్రి కాడు, సేనాని కాడు. కవాచి దేశమున గుఱ్ఱముల పెంపకమునకు పెద్దయైన అరకో యను పూర్వపరిచితుడు. అతడు రహస్యముగా దూతను పంపి మంత్రుల నిజమైన యుద్దేశమును తెలియజేసెను. ఆ దూత రెండు పగళ్లు, మూడు రాత్రులు అచ్చటనే యుండి నచ్చజెప్పిన తరువాతనే ఓహోదో కదలెను. అరకో వార్త పంపకున్నచో తాను లోకమునకు నవ్వులపాలై యుండెడివాడనని తలచి, రాజైన పిదప అతనిని మిక్కిలి ఆదరించెను.

ఈ అశ్వపాలకుని ప్రసంగము కథకు అలంకారము మాత్రము కాదు. జపానులో గుఱ్ఱముల పెంపకము 5వ శతాబ్దిలోనే కొరియా నుండి వచ్చినవారి వలన వ్యాపించినది. కవాచి పచ్చికబయళ్లు దానికి ముఖ్యస్థానము. గుఱ్ఱము గలవానికి వార్త గలదు. ఓహోదో బలము కూడ ఇట్టిదే: బివా సరస్సు, దాని నీటిని సముద్రమునకు చేర్చు యోదో నది, ఉత్తరతీరపు రేవులు, తూర్పున ఒవారి. యమాతో వెలుపల నున్న ఈ మార్గములన్నింటను ఆయనకు వియ్యములో, స్నేహములో కలవు.

ఆయన పలుమార్లు నిరాకరించి, కడకు అద్దమును, ఖడ్గమును స్వీకరించి, యోదో తీరమందలి కుసుబలో రాజయ్యెను. మరుసటి నెలలోనే నింకెన్ కూతురు, బురెత్సు సోదరి యగు తషిరాకను పట్టపురాణిగా చేసికొనెను. ఇదియే అసలు ముడి. మెనోకోకు పుట్టిన పెద్దకొడుకులిద్దరికిని నింకెన్ కూతుళ్లనే యిచ్చి పెండ్లి చేసిరి. పాత వంశములో మగబిడ్డ మిగులలేదు; ఆడుబిడ్డలు మిగిలిరి. వారి ద్వారముననే క్రొత్తవాడు ఇల్లు చొచ్చెను. తషిరాక కుమారుడు కిమ్మెయి. తరువాతి చక్రవర్తులందరును, 2019లో రాజ్యమునకు వచ్చిన 126వ వాడగు నరుహితో వరకు, ఆ కిమ్మెయి సంతతియే. పురుషసంతతిని మాత్రమే లెక్కించు వంశావళులలో తషిరాక పేరు ప్రక్కగీతలో నుండును గాని, ఆమె లేకున్న ఆ గీత నిలుచుట దుర్ఘటము.

రాజయ్యెను గాని రాజధాని చేరలేదు. 511లో త్సుత్సుకికి, 518లో ఒతొకునికి నివాసము మార్చి, 526లో గాని యమాతోలోని ఇవారెలో కాలుపెట్టలేదు. పందొమ్మిది సంవత్సరములు! యమాతో ప్రభువులలో కొందరు ఆయనను అంగీకరింపక అడ్డగించిరని చాలమంది పండితుల ఊహ. తన బలమునకు మూలమైన నదీమార్గములను విడువనొల్లక తానే అచ్చట నుండెనని మరికొందరు చెప్పుదురు. షోకి మాత్రము కారణము చెప్పక, స్థలముల పేర్లు మాత్రము వ్రాసి ఊరకున్నది. పైగా ఆయన ఏడవ యేటనే ఇవారెకు వచ్చెనని చెప్పు మరియొక ప్రతి కలదని కూడ సూచించినది.

ఓహోదో నిజముగా రాజబంధువేనా? ప్రశ్న యంతయు ఇచ్చటనే యున్నది. ఆయన ఓజిన్ రాజునకు ఐదవ తరమువాడని రెండు గ్రంథములును చెప్పును. నడుమనున్న పేర్లు రెండింటను పూర్తిగా లేవు. షోకితో పాటు సమర్పింపబడిన వంశవృక్షపు చుట్ట ఒకటి నశించినది. 13వ శతాబ్దిలోని ఒక వ్యాఖ్యానగ్రంథము, జోగుకి యను మిక్కిలి పాత రచన నుండి ఉదాహరించిన భాగమున మాత్రము ఆ పేర్లన్నియు కలవు. 701 నాటి శాసనముల ప్రకారము ఐదవ తరమువానికి రాజబిరుదమున్నను రాజకుటుంబములో లెక్క లేదు. 706లో ఆ నియమమును సవరించి ఐదవ తరమును కుటుంబములో చేర్చిరి. చరిత్రగ్రంథములు సిద్ధమగుచున్న దినములలోనే ఈ సవరణ జరిగినది. 1950 ప్రాంతమున మిజునో యూ అను చరిత్రకారుడు ప్రాచీన జపానును మూడు వేర్వేరు వంశములు ఏలెననియు, మూడవది కేయితాయితో మొదలయ్యెననియు ప్రతిపాదించెను. నేడు అందరును అంత దూరము పోరు. దూరపు శాఖయైనను బంధుత్వము నిజమే కావచ్చునని కొందరి తలపు. జోగుకి పేర్లు మరీ ప్రాచీనమైన వ్రాతపద్ధతిలో నుండుట వారికి బలము.

ఆయన పాలనలో కొరియాతో సంబంధములు ప్రబలినవి. 512లో బెక్జె రాజ్యము కోరగా, కొరియా దక్షిణమున నాలుగు మండలములపై దాని హక్కును యమాతో అంగీకరించెను. మరుసటి యేట బెక్జె పంచశాస్త్రములెరిగిన పండితుని పంపెను. భూమికి బదులు విద్య! 1971లో కొరియాలో బయటపడిన బెక్జె రాజు మురియోంగ్ సమాధిలోని శవపేటిక జపానులో పెరుగు దేవదారుజాతి కఱ్ఱతో చేసినది. ఆ స్నేహమునకు కఱ్ఱ సాక్ష్యము కాగితముకంటె గట్టిది.

527లో, కొరియాకు పోవు యమాతో సేనను త్సుకుషి ప్రభువు ఇవాయి అడ్డగించెను. బెక్జెకు ప్రతిపక్షమగు సిల్లా రాజ్యముతో అతనికి పొత్తు. మోనోనోబె వంశపు అరకాహి మరుసటి యేట అతని నణచెను. ఇవాయి యుద్ధమున చచ్చెనని షోకి చెప్పగా, కొండలలోనికి తప్పించుకొని పోయెననియు, కోపించిన సైనికులు అతని సమాధి మీది శిలాపురుషుల చేతులను, శిలాశ్వముల తలలను విరుగగొట్టిరనియు స్థానిక వృత్తాంతము. యామెలోని ఆ సమాధిచెంత విరిగిన శిలలు నేటికిని కలవు.

ఇక మరణము. కొజికి ఆయన 527లో 43 ఏండ్ల వయస్సున పోయెననుచున్నది. షోకి 531లో 82 ఏండ్ల వయస్సున అనుచున్నది. 534 అని చెప్పు ప్రతి కూడ కలదని చేర్చుచున్నది. కొజికి నమ్మినచో ఆయన పుట్టినది 485లో. ఆయన పెద్దకొడుకు అంకాన్ 535లో 70 ఏండ్ల వాడై చనిపోయెనని షోకి. అనగా 466లో పుట్టినవాడు. రెండు గ్రంథములను కలిపి చదివినచో కొడుకు తండ్రికంటె 19 ఏండ్లు పెద్ద! అంతకంటె గంభీరమైన సంగతి మరియొకటి. 531 అను తేదీని షోకి రచయితలు బెక్జె చరిత్ర నుండి గ్రహించిరి. ఆ యేట జపాను రాజు, యువరాజు, రాకుమారులు అందరును చనిపోయిరని ఆ చరిత్రలోని వార్త. రచయితలు దానిని దాచక వ్రాసి, నిజము తరువాతివారు పరిశోధించి తెలిసికొందురని విడిచిపెట్టిరి. అంకాన్ పాలన 534లో మొదలగును; నడుమ రెండేండ్లు ఎవరివో తెలియదు. బౌద్ధము కిమ్మెయి కాలమున 538లో వచ్చెనని దేవాలయ వృత్తాంతములు చెప్పుచుండగా, షోకిలో 538 అతని యన్న సెంక పాలనలోని సంవత్సరము. దీనిని బట్టి మెనోకో కొడుకులు ఒక ప్రక్కను, తషిరాక కొడుకు మరియొక ప్రక్కను ఏకకాలమున రాజులై పోరాడిరని 20వ శతాబ్దిలో కొందరు ఊహించిరి. ఋజువు దొరకలేదు.

ఆయన సమాధి విషయమునను ఇదియే గతి. రాజగృహశాఖ కేయితాయి సమాధిగా రక్షించుచున్నది ఇబరాకి పట్టణములోని 226 మీటర్ల దిబ్బ. అది 5వ శతాబ్ది మధ్యమునాటిదని అచ్చట దొరికిన మట్టిబొమ్మల తీరు చెప్పుచున్నది. సమీపమున తకత్సుకిలోని ఇమషిరోజుక దిబ్బయే ఆయనదని పురాతత్త్వజ్ఞులలో అత్యధికుల అభిప్రాయము. 927 నాటి ఎంగిషికి చెప్పిన మండలములో నున్నది ఇదియే; కాలమును సరిపోవును. అధికారికముగా రాజసమాధి కాకుండుటచేతనే దానిని త్రవ్వుటకు వీలయ్యెను. 1997 నుండి జరిగిన త్రవ్వకములలో ఇండ్లు, ఖడ్గములు, పూజారిణులు, మల్లులు, గుఱ్ఱములు, కోళ్లు మొదలగు రెండువందలకు పైగా మట్టిబొమ్మలు వరుసలుదీరి బయటపడినవి. 1596 నాటి భూకంపమున దిబ్బ జారిపోయి లోపలి గది నశించినది. మిగిలిన రాతి ముక్కలను బట్టి మూడు శిలాపేటికలుండెనని తెలిసినది. వానిలో ఒకదాని గులాబివన్నె రాయి, ఇవాయి తిరుగబడిన క్యూషూ దీవి నుండి సముద్రముపై వచ్చినది. 2011లో ఆ దిబ్బను ఉద్యానవనముగా తెరచిరి. ఇబరాకి దిబ్బచుట్టు కంచె యున్నది. లోనికి ఎవరిని పోనీయరు. ఇమషిరోజుక మీద పిల్లలు పరుగులు తీయుచుందురు.