బల్బు మార్చే ముందు: చార్లెస్ కెటరింగ్ కథ

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా మావయ్య పాత జీపులో రాత్రిపూట ఊరికి బయల్దేరాం. హెడ్‌లైట్లు గుడ్డిదీపాల్లా ఉన్నాయి. మలుపులో ఎదురొచ్చిన ఎడ్లబండి దగ్గరికొచ్చేదాకా కనిపించలేదు. కొంచెంలో తప్పింది. మావయ్య అప్పటికే రెండుసార్లు బల్బులు మార్చాడు.

మర్నాడు మెకానిక్ బల్బుల జోలికే పోలేదు. బ్యాటరీకి మీటరు పెట్టాడు. ఇంజిన్ ఆపి ఉంటే 12.2 వోల్టులు. స్టార్ట్ చేశాక 14 దగ్గరికి చేరాల్సింది, 12.5 దగ్గరే ఆగిపోయింది. ఆల్టర్నేటర్ బెల్టును వేలితో నొక్కితే లోపలికి దిగిపోయింది. బెల్టు బిగించి, టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొడి గీకి, ఎర్త్ వైరు శుభ్రం చేశాడు. మీటరు 14 చూపించింది. అంతే! ఫిలమెంట్ బల్బుకి అందే వోల్టేజి పదో వంతు తగ్గినా వెలుగు దాదాపు మూడో వంతు పోతుందట. జబ్బు ఒకచోట, లక్షణం ఇంకోచోట అన్నమాట.

బ్యాటరీ, జనరేటరు, స్టార్టరు, ఇగ్నిషన్, దీపాలు – వీటన్నిటినీ కారులో ఒకే వ్యవస్థగా కలిపి నిలబెట్టిన మనిషి చార్లెస్ కెటరింగ్. ఆయన కథ మన బ్రాంచివాళ్లే కాదు, బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లూ చదవాలి.

1876 ఆగస్టు 29న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, లౌడన్‌విల్ అనే ఊరి దగ్గర ఓ రైతు కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పటినుంచి చూపు బలహీనం. పుస్తకం పట్టుకుంటే తలనొప్పి. కొన్నాళ్లు బడిపంతులుగా చేసి, ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్‌లో చేరాడు. కళ్లు సహకరించక చదువు మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. ఇంట్లో కూర్చోకుండా టెలిఫోన్ లైన్లు వేసే ముఠాలో చేరి, గుంతలు తవ్వి స్తంభాలు పాతాడు. కొద్దికాలానికే ఆ ముఠాకి ఫోర్‌మన్ అయ్యాడు. కరెంటు ఎక్కడ పోతోందో, ఏ జాయింటు దగ్గర ఆగుతోందో వెతకడం అక్కడ చేత్తో నేర్చుకున్నాడు. తర్వాత మళ్లీ కాలేజీకి వెళ్లాడు. స్నేహితులు పాఠాలు చదివి వినిపిస్తుంటే విని గుర్తుపెట్టుకున్నాడు. 1904లో ఎలక్ట్రికల్ డిగ్రీ చేతికొచ్చేసరికి ఆయనకి దగ్గరదగ్గర ఇరవై ఎనిమిదేళ్లు.

వెంటనే డేటన్‌లోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో ఉద్యోగం. షాపుల్లో డబ్బుల మిషన్ని చేత్తో తిప్పే పని లేకుండా, దానికో చిన్న మోటారు పెట్టాడు. అక్కడే పరిచయమైన ఎడ్వర్డ్ డీడ్స్ ఇంటి వెనక పశువుల కొట్టం లాంటి షెడ్డు ఒకటుండేది. సాయంత్రాలు, సెలవు రోజుల్లో తోటి ఉద్యోగులతో కలిసి అక్కడ కార్ల ఇగ్నిషన్ మీద పని మొదలుపెట్టాడు. అదే 1909లో డెల్కో అనే కంపెనీ అయింది. కాడిలాక్ కంపెనీ అధిపతి హెన్రీ లేలాండ్ ఆ ఇగ్నిషన్ కొన్నాడు.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. అప్పట్లో కారు స్టార్ట్ చేయాలంటే ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాలి. ఇంజిన్ రివర్స్ కొడితే చెయ్యి విరిగేది, ఒక్కోసారి ప్రాణమే పోయేది. తనకి తెలిసినవాడు అలా పోవడం లేలాండ్‌ని కదిలించిందని చెబుతారు. దీపాల సంగతీ అంతంతే. చాలా కార్లకి మన జాతర్లలో వెలిగించే కార్బైడ్ దీపాల్లాంటి గ్యాసు దీపాలుండేవి. దిగి అగ్గిపుల్ల గీసి వెలిగించుకోవాలి.

ఇంజిన్ని తిప్పాలంటే భారీ మోటారు, దానికి తగ్గ భారీ బ్యాటరీ కావాలని చాలామంది నమ్మారు. కెటరింగ్‌కి డబ్బుల మిషన్ గుర్తొచ్చింది. ఆ మోటారు రోజంతా తిరగదు, కొన్ని క్షణాలు గట్టిగా లాగి ఆగిపోతుంది. స్టార్టరూ అంతే కదా! కొద్దిసేపే కాబట్టి చిన్న మోటారు మీద దాని తాహతుకి మించిన కరెంటు పంపినా కాలిపోదు. ఇంజిన్ అందుకున్నాక అదే మోటారుని ఇంజిన్ తిప్పుతుంది. అప్పుడది జనరేటరై, తీసుకున్న కరెంటుని బ్యాటరీకి తిరిగి ఇస్తుంది. దీపాలకీ ఇగ్నిషన్‌కీ ఆ కరెంటే. 1911 ఫిబ్రవరిలో కాడిలాక్‌లో బిగించి చూపించారు. 1912 మోడల్ కార్లలో అమ్మకానికి వచ్చింది. నాలుగు సమస్యలకి నాలుగు విడి యంత్రాలు కాదు, అప్పు తీసుకుని తిరిగి కట్టే ఒక్క లెక్క. మా జీపులో తప్పింది ఆ లెక్కే. అప్పు తీసుకుంటోంది, కట్టట్లేదు.

తర్వాత డెల్కో జనరల్ మోటార్స్‌లో కలిసిపోయింది. 1920 నుంచి 1947 దాకా అక్కడి పరిశోధనలకి కెటరింగే పెద్ద. అన్నీ గెలుపులు కావు. నీళ్లు అక్కర్లేకుండా రాగి రెక్కలతో చల్లబడే ఇంజిన్ తెచ్చాడు. 1923లో ఆ కార్లని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అంతకంటే పెద్ద మచ్చ సీసం కలిపిన పెట్రోలు. ఇంజిన్ నాకింగ్ ఆపడానికి 1921లో ఆయన బృందంలోని థామస్ మిడ్‌గ్లీ కనిపెట్టాడు. నాకింగ్ ఆగింది. కానీ 1924లో తయారీలో పనిచేసే కార్మికులు సీసం విషంతో చనిపోయినా, అది మార్కెట్లో నిలిచింది. దశాబ్దాలపాటు ప్రపంచమంతా ఆ పొగ పీల్చింది. మన దేశంలో 2000లో గాని ఆగలేదు. కారులోని ప్రతి వైరునీ లెక్కలోకి తీసుకున్న మనిషి, సైలెన్సర్ గొట్టంలోంచి బయటికి పోయేదాన్ని లెక్కలో వేసుకోలేదు.

1958 నవంబరు 25న ఆయన కన్నుమూశాడు. ఇప్పటికీ మనం తాళం తిప్పినా, బటన్ నొక్కినా ఆ షెడ్డులో పుట్టిన ఆలోచనే పనిచేస్తోంది. చూపు సరిగా లేని కుర్రాడు చదువు మానేసిన ఏళ్లలో స్తంభాలు పాతుతూ నేర్చుకున్నదే చివరికి ఆయనకి దారి చూపింది. కాబట్టి ఓ ఏడాది పోయిందని దిగులుపడే మిత్రులారా, కాస్త ఆగండి. వెలుగు తగ్గిందని బల్బుని తిట్టకండి. బ్యాటరీ నుంచి మొదలుపెట్టి, ఒక్కో జాయింటూ చూసుకుంటూ రండి. చివర్లో సైలెన్సర్ వైపు కూడా ఓ చూపు చూడండి.